మూడో ప్రూఫు

ఛత్తాబజార్‌లో శుభలేఖల మధ్య
నాలుగు నెలలుగా మధ్యయుగాలు కంపోజ్ చేస్తున్నాను.
పక్కన వలీమా కార్డులు ఆరుతుంటాయి.
బంగారు పొడి గాల్లో లేచి
కీబోర్డు మీద, పదకొండో శతాబ్దం మీద పడుతుంది.

నెహెమ్యా మాస్టారు సికింద్రాబాద్ నుంచి
రెండు బస్సులు మారి వస్తారు.
చేసంచిలో రూళ్ళ కాగితాలు, మందుల డబ్బా,
వెయ్యేళ్ళ సంఘ చరిత్ర.
చెయ్యి వణుకుతుంది;
చుక్క మరిచిన 'మఠం' నాకు 'మరం'లా కనిపిస్తుంది.
'పోపు' అని కొట్టినప్పుడల్లా
మొదట్లో ఆవాల వాసన వేసేది.
తర్వాత తర్వాత ఆ నవ్వు పోయింది.

మూలన కూర్చునే గౌస్ సాబ్ పాత కాతిబ్.
కంప్యూటరొచ్చి కలం పని పోయాక
కార్డులు లెక్కపెట్టి కట్టలు కడతాడు.
సన్యాసుల అధ్యాయం ఆయనకు చదివి వినిపించాను:
దీపం పెట్టనివ్వని గదిలో, పగటి వెలుగున్నంతసేపూ
తోలు మీద గీతలు గీసి వాక్యం ఎక్కించి,
అంచున ఎవరో 'చలి' అని రాసుకున్నారని.
గౌస్ సాబ్ చూపుడువేలి మీది కాయ తడుముకున్నాడు.
"వాళ్ళకు కూలి ఎంత?" అన్నాడు.
పుస్తకంలో లేదు.

శిలువ యుద్ధాల దగ్గర ఖలీల్ భాయ్ నా వెనక నిలబడ్డాడు.
యెరూషలేము వీధుల్లో నెత్తురు
తెర మీద మెల్లగా పైకి జరుగుతోంది.
తెలుగు ఆయనకు కూడబలుక్కునేంత వచ్చు.
చదివాడో లేదో.
"ఎన్ని ఫారాలొస్తయమ్మా?" అని అడిగి
చాయ్‌కి చెప్పాడు. నాక్కూడా.

తెగులు సోకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి.
పోపులు ఇద్దరై, ముగ్గురై, ఒకరినొకరు వెలేసుకున్నారు.
జనం భాషలో ప్రసంగించినవాణ్ణి
అభయమిచ్చి పిలిపించి కాల్చారు.
అప్పుడే కళ్ళు తెరిచిన అచ్చుయంత్రం
బైబిలుతో పాటే క్షమాపణ చీటీలు కూడా వేసిందట,
పేరుకీ తేదీకీ ఖాళీ వదిలి.

అదే మంగళవారం సీతాఫల్‌మండి సంఘం వాళ్ళ ఆర్డరు:
రసీదు పుస్తకాలు ఇరవై, వరస నంబర్లతో.
'కీర్తిశేషులైన మీ ప్రియుల పేరిట ఒక ఇటుక.'
పేరుకీ తేదీకీ ఖాళీ వదిలాను.
అమ్మ బైబిల్లో, కీర్తనల దగ్గర, అలాంటిదొకటి ఉంది.
నాన్న పేరు. పద్దెనిమిది ఇటుకలు.
నాన్న తాపీమేస్త్రీ.
దాని గురించి ఇంట్లో ఏమీ అనలేదు. ఇక్కడా అనను.

చివరి అధ్యాయంలో ఒక చర్చి తలుపు, దాని మీద కాగితం.
మేకులా, జిగురా, అసలు అంటించారా అని
మాస్టారికి ఇప్పటికీ అనుమానమే.

మూడో ప్రూఫు తిరిగొచ్చేసరికి
'వాళ్ళు' అన్నచోటల్లా ఎర్ర గీత.
'వాళ్ళు అమ్మారు' పోయి 'మనం అమ్మాం'.
'వాళ్ళు కాల్చారు' పోయి 'మనం కాల్చాం'.
ఒక్క సర్వనామం కదిలితే తెలుగులో
క్రియ తోక కూడా తెగి మళ్ళీ మొలవాలి.
ఫైండ్, రీప్లేస్‌లతో తెమిలే పని కాదు.
రెండొందల పేజీలకి రాత్రి పదకొండయింది.

ఒక్క శిలువ యుద్ధాల్లో మాత్రం
'మనం' రాసి, కొట్టేసి, 'మేము' చేశారు.
ఎందుకు మాస్టారూ, క్రియ ఒకటేగా అన్నాను.
కళ్ళద్దాలు తుడుచుకుంటూ
కటింగ్ మిషను మీదికి వంగిన ఖలీల్ భాయ్ వైపు చూశారు.
"అచ్చు వేసేది ఆయన కదమ్మా."

గౌస్ సాబ్‌కి తేడా విడమర్చి చెప్పాల్సొచ్చింది.
ఉర్దూలో రెంటికీ ఒకటే, హమ్.
ఆయన కాసేపు ఊరుకుని,
ఆ రెండు మాటలూ రాసివ్వమని అడిగి,
చెడిపోయిన శుభలేఖ వెనక, రెల్లు కలంతో,
తనకు రాని లిపిలో
నెమ్మదిగా దించుకున్నాడు.

మనం చివరి సున్నా గుండ్రంగా కుదిరింది.
మేము కొమ్ము ఇంకా ఆరలేదు.